దుంగకు దారి, రంపానికి నీడ: పోర్టబుల్ సామిల్లుకు షెడ్డు కట్టుకోవడం ఎలా?

మన పాఠకుల్లో కర్రపనితో సంబంధమున్న కుటుంబాలు తక్కువేమీ కాదు. వడ్రంగం చేసేవారు, టింబరు డిపోల్లో పనిచేసేవారు, తలుపులు, మంచాలు చేసి అమ్ముకునేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ ఇళ్ళ కుర్రాళ్ళలో కొందరు ఈమధ్య పోర్టబుల్ సామిల్లు కొనుక్కుని సొంతంగా కోత పెట్టుకోవాలని చూస్తున్నారు. సలహా కోసం నా దగ్గరికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది మిషన్ ధర. తర్వాత అడిగేది బ్లేడు ఎన్నాళ్ళు వస్తుందని. షెడ్డు గురించి అడిగినవాళ్ళు అరుదు. నేనే ఆ మాట ఎత్తితే, "నాలుగు స్తంభాలు నిలబెట్టి రేకులు కప్పితే సరిపోదా అన్నా?" అంటారు.

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. మా మొదటి షెడ్డుకు చుట్టూ పది అడుగులకొక స్తంభం వేయించాను. చూడటానికి చక్కగా ఉంది. మొదటి నెలలోనే 15 అడుగుల వేప దుంగ వచ్చింది. పది అడుగుల సందులోంచి పదిహేను అడుగుల దుంగ అడ్డంగా ఎలా దొర్లుతుంది? షెడ్డు చివరి నుంచి నిలువుగా లోపలికి లాగి, గునపాలతో మలుపు తిప్పి, బెడ్డు పక్కకు చేర్చేవాళ్ళం. ప్రతి పెద్ద దుంగకూ అదే తంటా. రెండో వానాకాలంలో, తడి నేల మీద అలా మలుపు తిప్పుతుండగా గునపం జారి దుంగ వెనక్కి దొర్లింది. మా తమ్ముడి కుడి పాదం దాని కింద పడింది. తప్పు మిషన్‌ది కాదు, తమ్ముడిదీ కాదు. ఆ స్తంభాన్ని అక్కడ పాతించిన నాది.

ఆ షెడ్డు విప్పించి మళ్ళీ కట్టుకున్నాను. రెండోసారి నేర్చుకున్నదంతా ఒక క్రమంలో చెప్పడానికే ఈ వ్యాసం.

మిషన్ కంటే ముందు లైసెన్సు

చక్రాలున్న మిషన్ కాబట్టి లైసెన్సు అక్కర్లేదని చాలామంది భ్రమపడతారు. మోటారుతోనో ఇంజనుతోనో దుంగను కోసే పని ఏదైనా అటవీ శాఖ లెక్కలో సామిల్లే. గోదావర్మన్ కేసుగా పేరుపడిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు నుంచి దేశమంతటా సామిల్లుల మీద గట్టి నిఘా మొదలైంది. 2016లో కేంద్ర ప్రభుత్వం కలప ఆధారిత పరిశ్రమలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం రాష్ట్ర స్థాయి కమిటీలు ఆ ప్రాంతంలో ఎంత కలప దొరుకుతుందో చూసి అనుమతుల సంగతి తేలుస్తాయి.

అందువల్ల మొదటి అడుగు రేంజి ఆఫీసుకు వేయండి. మీ స్థలం సర్వే నంబరు పట్టుకెళ్ళి, అక్కడ సామిల్లుకు అనుమతి వస్తుందా, అడవి హద్దు నుంచి ఎంత దూరం ఉండాలి, ఏ కర్ర కోయవచ్చు, దేనికి రవాణా పర్మిటు కావాలి అన్నవి అడిగి తెలుసుకోండి. సమాధానం కాగితం మీద తీసుకోండి. పంచాయతీ లేదా మునిసిపాలిటీ అనుమతి, కరెంటు కనెక్షను ఆ తర్వాతి సంగతులు. లైసెన్సు రాకముందే పునాది తవ్విన షెడ్డు కోళ్ళఫారానికి తప్ప దేనికీ పనికిరాకుండా పోవచ్చు.

ఈ మిషన్ ఎలా పనిచేస్తుంది?

పాత సామిల్లులో రంపం ఒకచోట నిలిచి ఉంటుంది. దుంగను ట్రాలీ మీద కట్టి, పట్టాల మీద రంపానికేసి తోస్తారు. అందుకని రంపానికి ముందు ఒక దుంగ పొడవు, వెనక ఒక దుంగ పొడవు ఖాళీ కావాలి. 16 అడుగుల దుంగ కోయాలంటే పట్టాలకే 32 అడుగులు పైబడి పోతుంది.

పోర్టబుల్ మిల్లులో ఇది తిరగబడుతుంది. దుంగ బెడ్డు మీద కదలకుండా పడుకుంటుంది. అడ్డంగా తిరిగే సన్నటి బ్యాండ్‌సా బ్లేడు, దాన్ని తిప్పే మోటారు, చక్రాలు అన్నీ ఉన్న తలభాగం పట్టాల మీద దుంగ పైనుంచి వెళ్తుంది. వెళ్ళిన ప్రతిసారీ ఒక పలక ఊడుతుంది. తల వెనక్కి వస్తుంది, పలక తీస్తారు, తల కిందికి దించుతారు, మళ్ళీ కోత. బ్లేడు సన్నం గనుక పొట్టుగా పోయే కర్ర కూడా తక్కువ.

దీన్ని బట్టి షెడ్డుకు మూడు విషయాలు తేలుతాయి. పొడవు కొంత తగ్గించుకోవచ్చు. బరువైన దుంగ పక్కనుంచి వస్తుంది కాబట్టి ఆ పక్క బాగా విశాలంగా తెరిచి ఉండాలి. బెడ్డు నిటారుగా, మట్టంగా ఉండాలి కాబట్టి దాని కింది నేల దిగబడకూడదు.

దుంగ దారి గీయండి

కాగితం మీద ముందు కప్పు గీయకండి. దుంగ ట్రాక్టరు ట్రక్కు దిగిన దగ్గర్నుంచి, పలకై లారీ ఎక్కేదాకా ఎటు నడుస్తుందో గీయండి. నాకు కోతపని నేర్పిన మేస్త్రీ చాచా ఒకే మాట అనేవారు: "షెడ్డు నీ కోసం కాదు బేటా, దుంగ కోసం. నువ్వు ఎటైనా దూరిపోతావు. అది దూరదు."

దుంగ బరువెంతో లెక్క వేసుకుంటే ఆ మాట అర్థమవుతుంది. 10 అడుగుల పొడవు, 2 అడుగుల మందం ఉన్న పచ్చి దుంగ దాదాపు 31 ఘనపుటడుగులు. పచ్చి కర్ర సుమారుగా నీళ్ళంత బరువు తూగుతుంది, అంటే ఘనపుటడుగుకు 28 కిలోలు. ఆ ఒక్క దుంగే 850 నుంచి 900 కిలోలు. అంత బరువును ఎత్తడం, తిప్పడం రెండూ ప్రమాదమే. దొర్లించడం ఒక్కటే తేలిక. ట్రక్కు దిగిన దుంగ ఎక్కడా మలుపు తిరక్కుండా, ఒకే దిశలో దొర్లుతూ బెడ్డు మీదికి చేరాలి. పలకలు అవతలి పక్కనుంచి బయటికి పోవాలి. దుంగలు వచ్చే దారి, పలకలు పోయే దారి ఒకదాన్నొకటి దాటకూడదు.

మిషన్ కొనేముందు అమ్మేవారిని మరో రెండు ప్రశ్నలు అడగండి. దుంగ ఏ పక్కనుంచి ఎక్కించాలి? పొట్టు ఏ పక్కకు చిమ్ముతుంది? మిషన్‌ను బట్టి ఇవి మారతాయి. ఈ రెండూ తెలియకుండా షెడ్డు ముఖం ఎటు పెట్టాలో చెప్పలేం.

కొలతలు

ఉదాహరణకు 20 అడుగుల బెడ్డు తీసుకుందాం. తలభాగం నిలవడానికి చోటు పోగా దీని మీద సుమారు 16 అడుగుల దుంగ పడుతుంది. దీనికి నేను సిఫారసు చేసేది 36 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు.

పొడవులో బెడ్డుకు 20 పోతే, రెండు చివర్లా ఎనిమిదేసి అడుగులు మిగులుతాయి. ఒక చివర బ్లేడు మార్చుకునే బల్ల, పనిముట్లు. రెండో చివర మనుషులు తిరగడానికి.

వెడల్పులో దుంగలు ఆగే అరుగుకు 8 అడుగులు, మిషన్‌కు 7, పలకలు తీసుకునే వైపు 9.

ఇక స్తంభాలు. పలకల వైపు 12 అడుగులకొకటి చొప్పున నాలుగు. దుంగల వైపు కూడా నాలుగే, కానీ దూరాలు వేరు: చివర ఎనిమిది అడుగులు, మధ్యలో 20 అడుగులు ఖాళీ, మళ్ళీ ఎనిమిది. ఆ 20 అడుగుల నోరే ఈ షెడ్డుకు ప్రాణం. 16 అడుగుల దుంగ అటు రెండు, ఇటు రెండు అడుగుల ఎడంతో నేరుగా లోపలికి దొర్లుతుంది.

ఖాళీ ఊరికే రాదు. మధ్యలో వచ్చే రెండు ట్రస్సులకు ఈ వైపు కింద స్తంభాలుండవు. కాబట్టి 20 అడుగుల మేర యాంగ్లర్లతో అల్లిన గర్డరు వేసి, ఆ రెండు ట్రస్సుల్నీ దాని మీద కూర్చోబెట్టాలి. వెల్డింగు మేస్త్రీ ఇక్కడే బేరం పెడతాడు: "మధ్యలో ఇంకొక్క పైపు నిలబెడితే గర్డరు ఖర్చు తప్పుతుంది కదా" అని. ఒప్పుకోకండి. మా తమ్ముడి పాదం ఆ ఒక్క పైపు దగ్గరే పోయింది.

ఎత్తు విషయానికొస్తే, చూరు దగ్గర 12 అడుగులు ఉంటే తలభాగం పైకి లేపినా, మనిషి పైన చేయి చాపినా ఇబ్బంది ఉండదు. అంతకంటే ఎత్తు పెంచితే జల్లు లోపలికి కొడుతుంది. చూరు నాలుగు వైపులా మూడేసి అడుగులు బయటికి ఉండాలి.

ఒక హెచ్చరిక. దుంగల్ని లేపడానికి చైన్ కప్పీని కప్పు ట్రస్సుకు వేలాడదీయవద్దు. ఆ ట్రస్సు రేకుల్ని మోయడానికి చేసింది, టన్ను బరువు దుంగను కాదు. కప్పీ కావాలంటే దానికి విడిగా సొంత కాళ్ళున్న ఇనుప చట్రం చేయించండి.

గాలి లెక్క

రేకుల షెడ్డు కూలేది బరువుకు కాదు, గాలికి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. రేకులు ఎగిరిపోవడం అందరం చూశాం. చాలాచోట్ల రేకులతో పాటు స్తంభాలు కూడా పునాదితో సహా ఊడి వచ్చేస్తాయి. తెరిచి ఉన్న షెడ్డులో గాలి కప్పు కింద దూరి పైకి తోస్తుంది, పైనుంచి పోయే గాలి పైకి లాగుతుంది. షెడ్డు గొడుగులా లేస్తుంది.

భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగంలో ఏ ఊరికి ఎంత గాలి వేగం తీసుకుని లెక్క కట్టాలో ఉంది. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. ఆ వేగాన్ని ఆ వేగంతోనే గుణించి, దాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. 50 మీటర్ల వేగానికి అది 1500 న్యూటన్లు. మన భాషలో చదరపు అడుగుకు 14 కిలోలు. హైదరాబాదు వేగానికైతే సుమారు 11, కర్నూలుకు 9.

ఇప్పుడు మన షెడ్డుకు వేద్దాం. చూరుతో కలిపి కప్పు 42 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మొత్తం 1260 చదరపు అడుగులు. ఒత్తిడి అంతా పైకే పనిచేస్తుందనుకుంటే డెల్టా ప్రాంతంలో 17 టన్నుల పైచిలుకు బలం కప్పును పైకి లాగుతుంది. ట్రస్సులు, రేకులు కలిపి రెండు టన్నుల పైన ఉంటాయి. మిగిలిన 15 టన్నుల్ని నేలకు పట్టి ఉంచాల్సింది ఎనిమిది స్తంభాలే. సగటున ఒక్కొక్కదానికి రెండు టన్నులకు కాస్త తక్కువ. గర్డరును మోసే రెండు స్తంభాలకు మాత్రం రెండు టన్నులు దాటుతుంది.

కాంక్రీటు ఘనపుటడుగు 68 కిలోలు. 3 అడుగుల చదరం, 4 అడుగుల లోతు గుంట నిండా పోస్తే 36 ఘనపుటడుగులు, దాదాపు 2400 కిలోలు. అంటే లెక్కకు సరిపోతుంది. సాధారణంగా రేకుల షెడ్డుకు తవ్వే అడుగున్నర గుంటలో మూడున్నర ఘనపుటడుగులు కూడా పట్టదు. దాని బరువు సుమారు 230 కిలోలే. ఆ తేడా చూసుకోండి.

ఇది ముతక లెక్క. కప్పు వాలు, చుట్టూ ఉన్న చెట్లు, భవనాలు, గాలి దిశ కలిపి అసలు లెక్క వేయాల్సింది సివిల్ ఇంజనీరు. ఆయనకిచ్చే ఫీజు మొత్తం ఖర్చులో చిన్న ముక్క. కానీ ఈ లెక్క తెలిస్తే మేస్త్రీ "ఇంత గుంట ఎందుకండీ" అన్నప్పుడు మీరు జవాబు చెప్పగలరు.

గాలి విషయంలోనే ఇంకో మాట. ఎండ కొడుతోందనో, సామాను పోతోందనో తర్వాత మూడు పక్కలా రేకులు కొట్టి ఒక పక్క వదిలేస్తుంటారు. అలాంటి షెడ్డులోకి తెరిచిన వైపునుంచి గాలి దూరితే బయటికి పోయే దారి లేక కప్పును మరింత గట్టిగా తోస్తుంది. నాలుగు పక్కలా తెరిచి ఉంచండి. మూసేటట్లయితే ముందే ఇంజనీరుకు చెప్పి అందుకు తగ్గ లెక్క వేయించండి. పనిముట్లకు తాళం కావాలంటే షెడ్డు పక్కన చిన్న గది వేరుగా కట్టుకోండి.

పునాది, స్తంభాలు

మా డెల్టాలో నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. గుంట అడుగు ఆ నెర్రెల లోతు కంటే కిందికి పోవాలి. గుంట పక్కలకు ఇసుకో గ్రావెలో నింపితే మట్టి ఉబ్బినప్పుడు పునాదిని పట్టి లేపదు. ఎర్రనేలలో ఈ బాధ తక్కువ.

స్తంభాన్ని నేరుగా కాంక్రీటులో పాతేయకండి. నేల మట్టం దగ్గర తుప్పు పట్టి, నాలుగైదేళ్ళకు లోపల్లోపలే తినేస్తుంది. కాంక్రీటులో బోల్టులు అమర్చి, బేస్ ప్లేటు మీద స్తంభం నిలపండి. పైన మూడు అడుగుల ఎత్తు దాకా స్తంభం చుట్టూ కాంక్రీటు దిమ్మె కట్టించండి. దుంగ తగిలినా స్తంభం వంగదు, తడికి తుప్పు పట్టదు.

నాలుగు పక్కలా తెరిచిన షెడ్డు ఊగుతుంది. చివరి గడుల్లో స్తంభాల మధ్య, పైన ట్రస్సుల మధ్య ఇంటూ గుర్తులా అడ్డ కడ్డీలు తప్పనిసరి. మధ్య 20 అడుగుల నోట్లో మాత్రం ఏదీ అడ్డు రాకూడదు.

కప్పు

రంపం దగ్గర నిలబడే మనిషి కళ్ళలో పొద్దున, సాయంత్రం ఎండ కొట్టకుండా షెడ్డు పొడవును తూర్పు పడమరలుగా పెట్టుకుంటే మంచిది. సిమెంటు రేకుల కంటే జింకు పూత ఇనుప రేకులు నయం. సిమెంటు రేకు మీద ఏదైనా పడితే పగిలి కింద పనిచేసేవారి మీద పడుతుంది. ఇనుప రేకు వేడెక్కుతుంది నిజమే. పైన తెల్ల సున్నమో కూలింగ్ పెయింటో కొట్టించి, శిఖరం దగ్గర వేడిగాలి పోయే సందు వదిలితే తేడా తెలుస్తుంది.

గాలి లాగుడు కప్పు అంచుల్లో, మూలల్లో ఎక్కువ. మధ్యలో వేసిన స్క్రూల కంటే అక్కడ దగ్గర దగ్గరగా వేయించండి. ప్రతి స్క్రూకూ రబ్బరు వాషరు ఉండాలి. వెలుగు కోసం బెడ్డుకు పైగా రెండు మూడు చోట్ల పారదర్శక రేకులు వేస్తే పగలు లైటు అక్కర్లేదు.

మిషన్ ముందే చేతికొస్తే, లైసెన్సు కూడా ఉంటే, కప్పు కింద అడ్డ కర్రలు మన మిషన్ మీదే కోసుకోవచ్చు. చేవ ఉన్న కర్రే వాడండి. తెల్లకర్ర చెదకు మేతవుతుంది. నేలలో మాత్రం కర్ర పాతకండి.

నేల, బెడ్డు కింది దిమ్మెలు

కోసిన పలక ఒక చోట లావు, ఒక చోట సన్నం వస్తోందంటే సగం సార్లు తప్పు బ్లేడుది కాదు, నేలది. బెడ్డు మధ్యలో పావు అంగుళం దిగితే ఆ పావు అంగుళం పలకలో కనపడుతుంది. అందుకని బెడ్డు కాళ్ళ కింద అడుగున్నర వెడల్పున, బెడ్డు కంటే కాస్త పొడవుగా రెండు కాంక్రీటు పట్టీలు విడిగా పోయించండి. చుట్టూ నేల పగిలినా ఇవి కదలవు. పోసిన తర్వాత వారం రోజులు తడపండి. పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది. తొందరపడి మిషన్ ఎక్కించకండి. తర్వాత నీళ్ళ ట్యూబుతో మట్టం చూసి, బోల్టులతో బిగించండి. పొలాలకు తీసుకుపోవాల్సి వస్తే నట్లు విప్పుకుని పోవచ్చు. తిరిగి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మట్టం చూడాలి.

మిగతా నేలంతా నున్నటి కాంక్రీటు అక్కర్లేదు. మనుషులు నిలబడే చోట నాలుగంగుళాల గరుకు కాంక్రీటు, మిషన్ నుంచి బయటికి అయిదడుగులకు అంగుళం వాలు. దుంగల వైపు గట్టిగా కుదించిన గ్రావెలు చాలు. అక్కడ బెడ్డు ఎత్తుకు సరిపడా ఇనుప పట్టాలతో అరుగు కట్టి, బెడ్డు వైపు స్వల్పంగా వాలు పెట్టండి. ప్రతి దుంగకూ అడ్డుచెక్క ఉండాలి. దుంగకు పల్లం వైపు ఎవరూ నిలబడకూడదు. దొర్లించేవాళ్ళు ఎప్పుడూ వెనకే ఉండాలి.

పొట్టు, నిప్పు, కరెంటు

కర్ర పొడి ఊపిరికి మంచిది కాదని అందరికీ తెలుసు. అది మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే ప్రకటించింది. వేసవిలో వీచే గాలి ఒక దిక్కు, కార్తీకంలో వీచే గాలి మరో దిక్కు. కాబట్టి గాలే పొట్టును తీసుకుపోతుందని నమ్ముకోవడానికి లేదు. పొట్టు వచ్చే నోటికి పైపు తగిలించి, షెడ్డు బయట రేకుల తొట్టిలోకి పోయేలా పెట్టండి. ఆ నోటికి ఎదురుగా నడకదారి ఉండకూడదు. బెరడు ముక్కలు, ఒక్కోసారి కర్రలో దాగిన మేకు ముక్కలు అటే ఎగురుతాయి. బ్లేడు తెగినా ప్రమాదం ఆ వరుసలోనే. అక్కడ ఇనుప కంచె నిలపండి.

పొట్టు తొట్టి షెడ్డుకు ఆనుకుని ఉండకూడదు. ఎండిన పొట్టు అంటుకుంటే పైకి మంట కనపడకుండా లోపల్లోపలే రగులుతుంది. ప్రతి సాయంత్రం మిషన్ చుట్టూ ఊడవాలి. బీడీకి షెడ్డు బయట చోటు చూపించండి. డీజిలు ఇంజనైతే పొగ గొట్టాన్ని పొట్టుకు దూరంగా, కప్పు బయటికి తీయండి. నీళ్ళ డ్రమ్ము, ఇసుక బకెట్లు, మంటలార్పే సిలిండరు చేతికందే చోట ఉండాలి.

త్రీ ఫేజు మోటారుకు ఎర్తింగు రెండు వేరు వేరు గుంటల్లో చేయించండి. స్విచ్ బోర్డుకు పొట్టు దూరని మూత ఉండాలి. వైరు నేల మీద పడేయకుండా పైపులో భూమిలోంచి తేవాలి. దుంగ దొర్లే దారిలో వైరు ఉంటే ఏదో ఒకరోజు తెగుతుంది. మిషన్ ఆపే ఎర్ర మీట కోసేవాడికి ఒకటి, పలకలు తీసేవాడికి ఒకటి అందుబాటులో ఉండాలి.

ఎక్కడ తగ్గించుకోవచ్చు?

డబ్బు ఎవరికీ ఊరికే రాదు. అప్పు చేసి పెట్టుబడి పెట్టేవాళ్ళే ఎక్కువ. కాబట్టి తగ్గించుకోదగ్గవి చెబుతాను. గోడలు అక్కర్లేదు. లోపల తుప్పు లేని పాత పైపులు స్తంభాలకు వాడుకోవచ్చు. నేలంతా కాంక్రీటు మొదటి ఏడాదే వేయక్కర్లేదు. రంగులు, ముందు గేటు, బోర్డు తర్వాత చూసుకోవచ్చు.

గుంటల లోతు, దుంగల వైపు గర్డరు, బెడ్డు కింది పట్టీలు, ఎర్తింగు, అడ్డ కడ్డీలు, రక్షణ కంచె – వీటి దగ్గర తగ్గిస్తే మిగిలిన డబ్బు ఆసుపత్రికే పోతుంది.

చివరిగా ఒక వెదురు బొంగు

పునాది తవ్వేముందు ఒక చిన్న పని చేయండి. ఖర్చు ఏమీ లేదు. స్థలం మీద సున్నంతో షెడ్డు అంచులు, స్తంభాలు, బెడ్డు, అరుగు అన్నీ గీయండి. స్తంభాల చోట్ల పుల్లలు పాతండి. 16 అడుగుల వెదురు బొంగు ఒకటి తెచ్చి, ఇద్దరు మనుషులు రెండు చివర్లా పట్టుకుని, ట్రక్కు ఆగే చోటు నుంచి బెడ్డు దాకా పక్కవాటుగా నడవండి. బొంగు ఎక్కడైనా పుల్లకు తగిలిందా? మలుపు తిప్పాల్సి వచ్చిందా? పట్టుకున్నవాళ్ళలో ఎవరైనా వెనక్కి నడవాల్సి వచ్చిందా? వస్తే గీత చెరిపి మళ్ళీ గీయండి. పలకలు పోయే దారిలోనూ అలాగే నడిచి చూడండి. తగలకుండా నడవగలిగిన రోజున గడ్డపార పట్టండి.

మా రెండో షెడ్డుకు ఈ పరీక్ష మూడుసార్లు చేశాం. మూడుసార్లూ బొంగుకు ఒక చివర పట్టుకున్నది మా తమ్ముడే. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. బ్లేడ్లకు సాన పట్టే పని చూసుకుంటాడు. ఆరోజు మూడోసారి బెడ్డు గీత దగ్గరికి వచ్చి బొంగు దించి, "ఇక తవ్వించు అన్నా" అన్నాడు. అప్పుడే తవ్వించాను.